పరిశ్రమ, పాఠశాల: ఒక గంట విలువ

ఉబ్బస రోగులు రాత్రి పడుకునే ముందు వేసుకునే మాంటెల్యుకాస్ట్ మాత్ర ప్రపంచమంతటా ప్రసిద్ధం. ఆ పేరులోని మొదటి అక్షరాలలో మాంట్రియల్ నగరం దాగి ఉన్నదన్న సంగతి ఆ మాత్రను ప్రతిరోజూ మింగేవారిలో కూడా చాలామందికి తెలియదు. శ్వాసనాళాలను బిగించివేసే ఒక పదార్థం శరీరంలో పుడుతుందని వైద్యులకు ఎంతోకాలంగా తెలుసు. అది ల్యూకోట్రయీన్ల కుటుంబానికి చెందినదని 1979లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం తేల్చింది. ఆ పదార్థానికి శరీరంలో చోటు దొరకకుండా అడ్డుపడే అణువు కోసం మాంట్రియల్ పశ్చిమ శివారులోని కర్క్‌లాండ్‌లో మెర్క్ ఫ్రాస్ట్ సంస్థ రసాయనశాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వెదికారు. వందలాది అణువులు చేసి, పరీక్షించి, పక్కన పెట్టగా చివరకు మిగిలినది మాంటెల్యుకాస్ట్. 1998లో అమెరికా ప్రభుత్వం దానిని ఆమోదించింది. తాము పనిచేసిన ఊరి పేరును వారు ఆ మందు పేరులో నిలిపారు.

ఆ సంస్థ కథ 1899లో చార్లెస్ ఫ్రాస్ట్ మాంట్రియల్‌లో పెట్టిన మందుల కంపెనీతో మొదలైంది. 1965లో అది మెర్క్ చేతికి వచ్చింది. 2010లో కర్క్‌లాండ్ పరిశోధనశాలను మూసివేస్తున్నట్లు మెర్క్ ప్రకటించింది. 2012లో సెయింట్-లారెంట్ ప్రాంతంలోని ఆస్ట్రాజెనెకా పరిశోధన కేంద్రానికీ అదే గతి పట్టింది. ఔషధ పరిశోధననే జీవనోపాధిగా నమ్ముకున్న కుటుంబాలకు, అందులోని తెలుగు కుటుంబాలకు కూడా, అవి కష్టకాలపు సంవత్సరాలు.

ఇంత పెద్ద ప్రయోగశాల ఒక ఊరిలో దశాబ్దాలపాటు నడిచి వెళ్లిపోతే ఆ ఊరికి మిగిలేది ఏమిటి? భవనం మిగులుతుంది, దానికి మరొక యజమాని వస్తాడు. మందు ప్రపంచానికి దక్కింది. కానీ రోజూ బస్సులో ఆ భవనం ముందు నుంచి బడికి వెళ్లిన పిల్లలలో ఎందరికి లోపల ఏమి జరుగుతున్నదో తెలిసి ఉంటుంది? గోడకు ఇవతల పన్నెండేళ్ల పిల్ల ఉబ్బసంతో మందు పీల్చుకుంటూ ఉంటుంది. గోడకు అవతల ఆ జబ్బుకు మందు కనిపెడుతున్న మనిషి ఉంటాడు. వీరిద్దరూ ఒక గంటసేపు ఒకే గదిలో కూర్చొనే ఏర్పాటు చేయడానికి అయ్యే ఖర్చు బహు స్వల్పం. అటువంటి ఏర్పాటునే ఉద్యోగుల స్వచ్ఛంద సేవ అంటున్నారు. కంపెనీ తన ఉద్యోగికి కొన్ని గంటల వెసులుబాటు ఇస్తుంది, ఉద్యోగి ఆ గంటలను సమీపంలోని బడికి ఇస్తాడు.

వ్యాపారి బడికి సాయపడడం మాంట్రియల్‌కు కొత్త కాదు. పొగాకు వ్యాపారంలో అపారంగా గడించిన సర్ విలియం మెక్‌డొనాల్డ్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి కట్టించి ఇచ్చిన భౌతికశాస్త్ర భవనం 1893లో ప్రారంభమైంది. 1898 నుంచి 1907 వరకు రూథర్‌ఫర్డ్ పనిచేసినది ఆ భవనంలోనే. ఆ పనికే ఆయనకు 1908లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మెక్‌డొనాల్డ్ అక్కడితో ఆగలేదు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే విద్యావేత్తతో కలిసి గ్రామీణ పాఠశాలలలో చేతిపనుల శిక్షణకు, బడి తోటలకు ధనం వెచ్చించారు. సెంట్-ఆన్-ద-బెల్వ్యూలో ఆయన స్థాపించిన మెక్‌డొనాల్డ్ కళాశాల 1907 నుంచి వ్యవసాయంతో పాటు ఉపాధ్యాయ శిక్షణ కూడా ఇచ్చింది. తనను ధనవంతుని చేసిన పొగాకు అంటేనే ఆయనకు ఏవగింపు అని చెబుతారు. దానగుణానికి మూలం ఎక్కడ ఉంటుందో ఎవరు చెప్పగలరు?

అయితే మెక్‌డొనాల్డ్ ఇచ్చినది ధనం. ఈ వ్యాసం విషయం ధనం కాదు, మనిషి. ధనంతో గాజు పరికరాలు వస్తాయి, బల్లలు వస్తాయి, భవనం మీద పేరు వస్తుంది. “నాకు లెక్కలు రావు కదా, నేను శాస్త్రజ్ఞురాలిని ఎలా అవుతాను?” అని ఒక పిల్ల అడిగితే జవాబు చెప్పడానికి మాత్రం మనిషే కావాలి.

క్యూబెక్ రాష్ట్రంలో ఈ ఆలోచనకు బలం వచ్చినది 2009లో. పిల్లలు హైస్కూలు పూర్తి చేయకుండానే బడి మానివేయడం అప్పటికి ఇక్కడ తీవ్రమైన సమస్య. దానిని పరిశీలించిన బృందానికి నాయకత్వం వహించినది విద్యాశాఖ అధికారి కాదు, బ్యాంకు అధికారి. బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ సంస్థకు క్యూబెక్‌లో అధిపతిగా ఉన్న జాక్ మెనార్ ఆ సంవత్సరం మార్చిలో ఒక నివేదిక ప్రకటించారు. 20 ఏళ్లు నిండేలోగా హైస్కూలు పట్టా పొందేవారి సంఖ్యను 2020 నాటికి 80 శాతానికి చేర్చాలన్నది అందులోని లక్ష్యం. కొద్ది నెలలలోనే ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని తనదిగా స్వీకరించింది. బడి మానిన ఒక్కొక్క విద్యార్థి వల్ల సమాజానికి కలిగే నష్టం సుమారు 1,20,000 డాలర్లని ఆ సందర్భంలో లెక్కగట్టారు. బ్యాంకు మనిషి కనుక డాలర్లలో చెప్పారని కొందరు విమర్శించవచ్చు. కానీ ఆ అంకె చెప్పిన తరువాతే వ్యాపారవర్గాల చెవులు నిక్కబొడుచుకున్నాయన్నది కూడా కాదనలేని విషయం. చదువు మానిన పిల్లవాడు రేపు దొరకని ఉద్యోగి అవుతాడు, పన్ను కట్టలేని పౌరుడు అవుతాడు, వస్తువు కొనలేని వినియోగదారుడు అవుతాడు. కంపెనీకీ బడికీ మధ్య ఉన్న బంధం దయాధర్మం ఒక్కటే కాదని అప్పుడు స్పష్టమైంది.

ఒక్క గంట వల్ల ఏమవుతుంది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. సంవత్సరమంతా పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఉండగా, గంటసేపు వచ్చి వెళ్లే అతిథి ఏమి మార్చగలడు? దీనికి అభిప్రాయాలు చాలామంది చెబుతారు, ప్రయోగం చేసి చూసినవారు తక్కువ. అటువంటి ప్రయోగం ఒకటి పారిస్ ప్రాంతంలో జరిగింది. సౌందర్య సాధనాల కంపెనీ లోరియల్‌కు చెందిన ఫౌండేషన్ శాస్త్రరంగంలో పనిచేసే మహిళలను ఉన్నత పాఠశాలలకు పంపే కార్యక్రమం నడిపింది. 2015-16 విద్యాసంవత్సరంలో ఆర్థికశాస్త్ర పరిశోధకులు దానిని క్రమబద్ధమైన పరీక్షకు పెట్టారు. 56 మంది మహిళలు, 98 పాఠశాలలు, 20,000 మందికి కొంచెం తక్కువగా విద్యార్థులు. ఏ తరగతికి అతిథి వెళ్లాలో, ఏ తరగతికి వెళ్లకూడదో చీటీలు వేసినట్లుగా యాదృచ్ఛికంగా నిర్ణయించారు. కొత్త మందును పరీక్షించే పద్ధతి కూడా ఇదే: సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర.

ఫలితాలు 2023లో ఒక ప్రముఖ ఆర్థికశాస్త్ర పత్రికలో వెలువడ్డాయి. హైస్కూలు చివరి సంవత్సరంలో శాస్త్రవిభాగం చదువుతున్న బాలికలలో, ప్రవేశం కష్టమైన శాస్త్ర సాంకేతిక కోర్సులలో చేరినవారి సంఖ్య ఆ ఒక్క గంట వల్ల సుమారు 30 శాతం పెరిగింది. నూటికి 11 మంది దగ్గర ఉన్నది 14 మందిని దాటింది. ఈ పెరుగుదల ముఖ్యంగా లెక్కలలో ముందున్న బాలికలలో కనిపించింది. దానికి రెండేళ్లు చిన్నవారైన పదవ తరగతి పిల్లల కోర్సు ఎంపికలో మాత్రం మార్పు ఏమీ రాలేదు.

రసాయనశాస్త్రం చదివినవారికి ఈ ఫలితం వింతగా తోచదు. ఉత్ప్రేరకం చేసే పని ఇదే. జరగడానికి వీలున్న చర్యకు అడ్డుగా ఉన్న శక్తి అవరోధాన్ని అది తగ్గిస్తుంది, చర్య వేగంగా సాగుతుంది. అసలు జరగడానికే వీలులేని చర్యను ఏ ఉత్ప్రేరకమూ జరిపించలేదు. లెక్కలు బాగా వచ్చి, మనసులో కోరిక ఉండి, “ఇది నావంటి వారికి కాదేమో” అన్న సంకోచం ఒక్కటే అడ్డుగా నిలిచిన బాలికకు ఆ గంట గడప దాటించింది. లెక్కలలో పునాది లేని పిల్లకు గంటసేపు ఉపన్యాసం పునాది వేయదు. ఆ పని ఉపాధ్యాయులది. ఈ రెండింటినీ కలగలిపి కంపెనీ అతిథుల వల్ల బడి చదువే బాగుపడిపోతుందని ప్రచారం చేయడం అతిశయోక్తి.

ఆ ప్రయోగంలో మరి రెండు సంగతులు గమనింపదగినవి. అతిథులలో సగం కంటె ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులు, తక్కినవారు విశ్వవిద్యాలయ పరిశోధకులు. ఎక్కువ ప్రభావం చూపినవారు కంపెనీ ఉద్యోగులే. ప్రతిభకు పురస్కారం పొందిన పరిశోధకురాలు ఆకాశంలో నక్షత్రంలా కనిపిస్తుంది; షాంపూలో నురుగు ఎందుకు వస్తుందో చెప్పి, తన దినచర్య చెప్పి, సాయంత్రం ఇంటికి వెళ్లే ఉద్యోగిని తన వీధిలోని మనిషిలా కనిపిస్తుంది. ఇది కారణం కావచ్చు. రెండవది, “శాస్త్రరంగంలో స్త్రీలు చాలా తక్కువ, స్త్రీలకు అన్యాయం జరుగుతున్నది” అని అదేపనిగా నొక్కి చెప్పిన అతిథుల వల్ల అంత ప్రయోజనం కలగలేదు. ఉద్యోగం ఎలా ఉంటుందో, అందులోని ఆనందమేమిటో చెప్పినవారి మాట బాగా నాటుకున్నది. పిల్లలకు కష్టాల చిట్టా వినిపించి ఉత్సాహం పుట్టించాలని చూసే పెద్దలందరికీ ఇది పనికివచ్చే సమాచారం.

బ్రిటన్ నుంచి వచ్చిన మరొక అధ్యయనాన్ని ఈ రంగంలో అందరూ ఉదహరిస్తూ ఉంటారు. 19 నుంచి 24 ఏళ్ల వయసువారిని ప్రశ్నించగా, బడిలో ఉన్నప్పుడు నాలుగు లేదా అంతకంటె ఎక్కువసార్లు ఉద్యోగరంగం వారిని కలిసినట్లు చెప్పినవారిలో చదువూ ఉద్యోగమూ లేక ఖాళీగా ఉన్నవారు ఐదో వంతు మాత్రమే అని, ఉద్యోగం చేస్తున్నవారి జీతం కూడా సగటున 16 శాతం ఎక్కువ అని 2012లో ప్రకటించారు. అంకెలు ఆకర్షణీయంగానే ఉన్నాయి. కానీ ఇది జ్ఞాపకాల మీద ఆధారపడిన లెక్క. చురుకైన పిల్లలకు అటువంటి పరిచయాలు ఎక్కువ దొరికి ఉండవచ్చు, దొరికినవి వారికి బాగా గుర్తుండి ఉండవచ్చు. పారిస్ ప్రయోగం పక్కన పెట్టి చూస్తే దీనికి బలం తక్కువే.

కంపెనీకి ఏమి దక్కుతుంది?

మంచిపేరు దక్కుతుందని అందరూ చెప్పే మాట. అది నిజమే గాని అన్నింటికంటె చిన్న లాభం. అసలు లాభం ఉద్యోగిలో కనిపిస్తుంది. ప్రయోగశాలలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి తన పనిని తనవంటి నిపుణులకే చెప్పడానికి అలవాటుపడతాడు. పదకొండేళ్ల పిల్లల ముందు ఆ పరిభాష చెల్లదు. “అణువు ఆకారం తాళంచెవిలా ఉండాలి” అనగానే “తాళం ఎక్కడ ఉంటుంది?” అని ఒకడు లేస్తాడు, “తాళం పాడైపోతే?” అని మరొకతె అడుగుతుంది. రెండవ ప్రశ్న నిజంగా ఔషధ పరిశోధనలో పెద్ద ప్రశ్న. అక్కడ జవాబు చెప్పగలిగిన మనిషి మరునాడు తన కంపెనీ ఆర్థికాధికారుల ముందు ధైర్యంగా నిలబడగలడు.

బయట సేవ చేసే ఉద్యోగి పని మీద శ్రద్ధ తగ్గిపోతుందేమోనని యాజమాన్యాలకు సహజంగా భయం ఉంటుంది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన జెస్సికా రోడెల్ 2013లో ప్రచురించిన పరిశోధనలో దీనికి విరుద్ధమైన ఫలితం కనిపించింది. స్వచ్ఛంద సేవ చేసేవారు ఉద్యోగంలో ఎక్కువ లీనమై పనిచేస్తున్నారని, వారి పనితీరు మెరుగ్గా ఉన్నదని ఆమె తేల్చారు. తన పనికి అర్థం ఉన్నదని పిల్లల కళ్లలో చూసిన మనిషి మరునాడు అదే పనికి కొంచెం ఇష్టంగా వస్తాడు. ఇందులో ఆశ్చర్యం లేదు.

క్యూబెక్‌లో మరొక లాభం కూడా ఉన్నది. దీనిని ఇతర ప్రాంతాల వారు ఊహించలేరు. ఫ్రెంచి భాషా చట్టం 1977 నుంచి అమలులో ఉన్నది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థలు తమ కార్యకలాపాలు ఫ్రెంచిలో సాగుతున్నాయని ప్రభుత్వానికి నిరూపించుకోవాలి. 2022లో చేసిన సవరణతో 2025 జూన్ నుంచి ఈ బాధ్యత 25 మంది ఉద్యోగులున్న చిన్న సంస్థలకు కూడా వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చిన ఉద్యోగికి కంపెనీ ఫ్రెంచి తరగతులు పెట్టిస్తుంది, అతడు వ్యాకరణం నేర్చుకుంటాడు, నోరు మాత్రం విప్పడు. ఐదవ తరగతి పిల్లల ముందు నిలబెడితే నోరు విప్పక తప్పదు. పిల్లలు తప్పులు దిద్దుతారు, నవ్వుతారు, కానీ ఎగతాళి నిమిషంలో మరచిపోతారు. ఇంతటి భాషా పాఠశాలను ఏ కంపెనీ డబ్బుతో కొనలేదు.

గీత ఎక్కడ గీయాలి?

కంపెనీ మనిషి తరగతి గదిలో అడుగుపెడుతున్నాడంటే తల్లిదండ్రులకు అనుమానం రావడం మంచిదే. క్యూబెక్ చట్టం ఆ అనుమానాన్ని ఎప్పుడో గుర్తించింది. 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించి వ్యాపార ప్రకటనలు చేయడాన్ని ఇక్కడి వినియోగదారుల రక్షణ చట్టం 1980 నుంచి నిషేధిస్తున్నది. బొమ్మల కంపెనీ ఒకటి దీనిని సవాలు చేయగా కెనడా సుప్రీంకోర్టు 1989లో ఆ నిషేధాన్ని సమర్థించింది. విద్యాచట్టం కూడా పాఠశాల పాలకమండలికి ఒక హద్దు పెట్టింది: వ్యాపార ప్రచారంతో ముడిపడిన షరతులు ఉన్న విరాళాలను మండలి స్వీకరించరాదు. కంపెనీ గుర్తు ఉన్న టోపీలు పంచడానికి వచ్చే మనిషికీ, పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి వచ్చే మనిషికీ తేడా చట్టానికి తెలుసు, ప్రధానోపాధ్యాయులకూ తెలుసు. అదీకాక మైనరు పిల్లలతో మెలగేవారి పూర్వ నేరచరిత్రను పరిశీలించే నియమం ఇక్కడ ఉన్నది. ఇది అవమానంగా భావించవలసిన విషయం కాదు.

ఇంకొక విచిత్రం. ఇలా ఇచ్చిన గంటలకు వెల కట్టడానికి కెనడా చట్టమూ, భారతదేశ చట్టమూ రెండూ ఒప్పుకోవు. కెనడాలో సేవను దానంగా పరిగణించి పన్ను రసీదు ఇవ్వరు. ఆస్తినో, డబ్బునో ఇస్తేనే దానం. భారతదేశంలో 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. ఉద్యోగులు చేసే ఉచిత సేవకు ధర కట్టి ఆ 2 శాతంలో కలపరాదని అక్కడి ప్రభుత్వం స్పష్టం చేసింది. ఉద్యోగులను ఇటువంటి పనులలో పాల్గొనేలా ప్రోత్సహించమని మాత్రం చెప్పింది. అంటే ఆ గంట అటు ధర్మఖాతాలోనూ పడదు, ఇటు పన్నుఖాతాలోనూ పడదు. పడకపోవడమే దానికి గౌరవమేమో.

కంపెనీ ఒకటే పూనుకొని నడిపే కార్యక్రమానికి ఒక బలహీనత ఉన్నది: కంపెనీ వెళ్లిపోతే కార్యక్రమం కూడా వెళ్లిపోతుంది. అందువల్ల మధ్యలో ఒక స్వతంత్ర సంస్థ ఉండడం మేలు. 1993లో ఆంటారియోలోని లండన్ నగరంలో బానీ ష్మిట్ ప్రారంభించిన లెట్స్ టాక్ సైన్స్ సంస్థ కెనడా అంతటా విశ్వవిద్యాలయాల నుంచి స్వచ్ఛంద సేవకులను బడులకు పంపింది. మాంట్రియల్‌లో 1999లో పుట్టిన అకాడెమోస్ విద్యార్థులకూ ఉద్యోగులకూ కంప్యూటరు ద్వారా ఉత్తర ప్రత్యుత్తరాలు ఏర్పాటు చేసింది. అదే 1999లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం శాస్త్రానికీ సమాజానికీ వారధిగా ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. దాని వెనుక ఉన్న జో ష్వార్జ్, డేవిడ్ హార్ప్, ఏరియల్ ఫెన్‌స్టర్ ముగ్గురూ రసాయనశాస్త్ర అధ్యాపకులే. ఇక 1992లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో డీన్ కామెన్ 28 జట్లతో మొదలుపెట్టిన ఫస్ట్ రోబో పోటీ కొన్నేళ్లకు క్యూబెక్ బడులకు కూడా చేరింది. ఆ పోటీలో విద్యార్థులు, కంపెనీల ఇంజనీర్లు పక్కపక్కన నిలబడి కొద్ది వారాలలో యంత్రాన్ని తయారుచేస్తారు. ఇంజనీరు ఉపన్యసించడు, స్క్రూ బిగిస్తాడు, తప్పు బిగిస్తే విప్పుతాడు. పెద్దవారు కూడా తప్పులు చేసి దిద్దుకుంటారని పిల్లలు కళ్లారా చూడడం ఈ పోటీలోని గొప్ప పాఠం.

తెలుగు గడ్డ మీద ఇటువంటి సేవ కంపెనీల కంటె ముందే వచ్చింది. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదికలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, అధ్యాపకులు సెలవు రోజులలో ఊరూరా తిరిగి సైన్సు ప్రదర్శనలు ఇచ్చారు. ‘చెకుముకి’ పత్రిక, ఆ పేరుతో జరిగిన పరీక్షలు ఎందరో పిల్లలకు పరిచితం. ఆ సేవకు ఏ యాజమాన్యమూ సెలవు మంజూరు చేయలేదు. తరువాతి కాలంలో కంపెనీల వనరులు తోడయ్యాయి. డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన రసాయనశాస్త్రజ్ఞుడు కల్లం అంజిరెడ్డి 1996లో ఒక ఫౌండేషన్ నెలకొల్పి చదువు, ఉపాధి రంగాలలో కృషికి పునాది వేశారు. 1999లో బ్యాంకు ఉద్యోగం వదలి వచ్చిన రాంజీ రాఘవన్ ప్రారంభించిన అగస్త్య సంస్థ కుప్పం సమీపంలో 172 ఎకరాలలో సైన్సు ప్రాంగణం నిర్మించింది. ప్రయోగ సామగ్రిని వ్యానులలో పెట్టుకొని పల్లె బడులకు తీసుకువెళ్లడం ఆ సంస్థ పద్ధతి. అనేక కంపెనీలు దానికి అండగా నిలిచాయి. ప్రయోగాలు నేర్చుకున్న పల్లె పిల్లలే తోటి పిల్లలకు గురువులై నేర్పడం అక్కడి విశేషం.

మాంట్రియల్‌లోని తెలుగు తల్లిదండ్రులకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇక్కడ పాఠశాల మండలులు 1998లో మత ప్రాతిపదిక వదలి భాషా ప్రాతిపదికన ఏర్పడ్డాయి. తల్లిదండ్రులలో ఒకరైనా కెనడాలో ఆంగ్ల మాధ్యమంలో ప్రాథమిక విద్య పొంది ఉంటే తప్ప, స్థిరనివాసులై వచ్చిన కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడులలో సాధారణంగా ఫ్రెంచిలోనే చదవాలి. తండ్రికి రసాయనశాస్త్రంలో డాక్టరేటు ఉండవచ్చు. ఏడవ తరగతి చదివే కూతురు ఆమ్లాల గురించి వ్రాసిన ఫ్రెంచి నోటుపుస్తకాన్ని మాత్రం ఆయన చదవలేడు. బడి నుంచి వచ్చిన కాగితం మీద కూతురు అర్థం చెబితే సంతకం పెడతాడు. పిల్లల దృష్టిలో తండ్రి విద్య ఇంటికి బయట ఎక్కడో ఉన్న వస్తువు అయిపోతుంది. తల్లి ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తున్నా ఇదే తీరు. మన యాసను చూసి తోటి పిల్లలు నవ్వుతారేమోనని పిల్లలే తల్లిదండ్రులను బడికి రావద్దనడం కూడా అరుదు కాదు.

అటువంటి తండ్రి కంపెనీ తరఫున ఆ తరగతికే వెళితే కొంత మారుతుంది. పూర్తి వాక్యాలు రాకపోయినా ఫరవాలేదు, ప్రయోగానికి వాక్యాలు కొన్నే చాలు. తరగతిలోని హైతీ పిల్లవాడు, లెబనాన్ పిల్ల, అక్కడే పుట్టి పెరిగిన క్యూబెక్ పిల్లవాడు ఒక విదేశీయుడిని కాక ఒక రసాయనశాస్త్రజ్ఞుడిని చూస్తారు. సొంత బిడ్డ చూసేది ఇంకా ఎక్కువ.

ఏమి చేసి చూపించాలి?

పెద్ద శబ్దం, పెద్ద మంట ఉంటే పిల్లలు మెచ్చుకుంటారని చాలామంది అతిథుల నమ్మకం. ఈ నమ్మకం ప్రమాదకరమైనది. మిథనాల్ పోసి రంగురంగుల మంటలు చూపించే ప్రదర్శనలలో విద్యార్థులు తీవ్రంగా కాలిన సంఘటనలు అమెరికాలో పలుమార్లు జరిగాయి. అక్కడి రసాయన ప్రమాదాల విచారణ సంస్థ 2013లో ఒక హెచ్చరిక చిత్రాన్ని, 2014లో ఒక ప్రకటనను విడుదల చేసింది. కంపెనీలో పొగగూటి కింద, కళ్లద్దాలతో, మంటలార్పే సాధనం పక్కన పెట్టుకొని చేసే పనిని ముప్పై మంది పిల్లల మధ్య బల్ల మీద చేయరాదు. వంటింటి సామగ్రితో చేయదగినది కావలసినంత ఉన్నది.

పసుపు, సున్నం చాలు. దిష్టి తీసే ఎర్రనీళ్లను తెలుగు ఇళ్లలో చూడని పిల్లలు తక్కువ. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం ఆమ్లంలోను, మంచినీటిలోను పసుపుపచ్చగా ఉంటుంది. క్షారంలో దాని అణువు హైడ్రోజన్‌ను పోగొట్టుకొని ఎర్రబడుతుంది. పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు తరగతికి పంచి, సబ్బునీరు, వంటసోడా, నిమ్మరసం, వెనిగర్ చుక్కలుగా వేయించవచ్చు. సబ్బునీటి దగ్గర ఎర్రబడిన మచ్చ వెనిగర్ తగలగానే మళ్లీ పసుపు అవుతుంది. చొక్కా మీది కూర మరక సబ్బు తగిలితే ఎందుకు ఎర్రబడుతుందో పిల్లలకు అక్కడికక్కడే తెలుస్తుంది. వంటసోడా దగ్గర రంగు సందేహాస్పదంగా ఉంటుంది. కొందరు పసుపు అంటారు, కొందరు ఎరుపు అంటారు. ఆ వాదన జరగనివ్వాలి. దాని క్షారగుణం స్వల్పం, రంగు మారే హద్దుకు దగ్గరగా ఉంటుంది. ప్రయోగశాలలో కూడా తీర్పు చెప్పలేని ఘడియలు ఇలాగే వస్తాయి.

మార్చి నెలలో అయితే మేపుల్ రసం ఉన్నది. చెట్టు నుంచి కారే రసంలో పంచదార 2 శాతం దగ్గర ఉంటుంది. 40 లీటర్ల రసం మరగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. నీరు తగ్గి పంచదార చిక్కబడే కొద్దీ మరుగు ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. నీటి మరుగు స్థానం కంటె సుమారు 4 డిగ్రీలు పైకి చేరినప్పుడు, అంటే 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పంచదార 66 శాతానికి వచ్చి మేపుల్ సిరప్ తయారవుతుంది. ఇంకా మరిగించి 113 డిగ్రీల దగ్గర మంచు మీద పోస్తే క్యూబెక్ పిల్లలు పుల్లకు చుట్టుకొని తినే సాగుడు మిఠాయి అవుతుంది. తెలుగు అమ్మమ్మలు ఇదే సంగతిని ఉష్ణమాపకం లేకుండా వేళ్ల మధ్య చూసి చెబుతారు: లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. వాతావరణ పీడనం మారితే నీటి మరుగు స్థానం కూడా మారుతుంది. అందుకే అనుభవం ఉన్న మేపుల్ రైతు ముందు మామూలు నీటిని మరగించి ఉష్ణమాపకం ఎంత చూపుతున్నదో వ్రాసుకొని, దాని మీద 4 డిగ్రీలు లెక్కకడతాడు. ఆ నీటి గిన్నెను ముందుగా పొయ్యి మీద పెట్టే పని తరగతిలో ఎవరికైనా ఒకరికి అప్పగించవచ్చు. ఆ రోజు మాంట్రియల్‌లో నీరు సరిగ్గా 100 డిగ్రీల దగ్గర మరగకపోవచ్చునన్నది చాలామంది పెద్దలకు కూడా కొత్త సంగతే.